బెంగళూరు ఫ్లాట్‌లో అగేట్ క్యాబ్‌లు: ఏ మెషిన్, ఎక్కడి రాయి, దుమ్ము సంగతేంటి?

గులకరాయి (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

అందరికీ నమస్తే. మాది నందిగామ దగ్గర పల్లె, ఉద్యోగం ఇక్కడ. ఊరెళ్ళినప్పుడల్లా కృష్ణ ఒడ్డున ఏరుకొచ్చిన రాళ్ళు ఒక డబ్బా నిండా ఉన్నాయి. కొన్నింటిని టార్చ్‌కి అడ్డం పెడితే అంచుల్లోంచి వెలుగు దిగుతుంది, లోపల చారలు కనిపిస్తాయి. అవి అగేట్ అని ఇక్కడి పాత చర్చ ఒకటి చదివాక తెలిసింది. వాటిని కోసి, పైన గుమ్మటంలా సానబెట్టి, ఉంగరాలకీ లాకెట్లకీ పనికొచ్చే క్యాబ్‌లు (కాబొషాన్‌లు) చేయాలని కోరిక.

ఆరు చక్రాల ఇంపోర్టెడ్ మెషిన్ రేటు చూసి ట్యాబ్ మూసేశాను. నాది అద్దె ఫ్లాట్. యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన మూడడుగుల జాగా ఉంది. కింద ఫ్లాట్ పెద్దాయనకు శబ్దం పడదు, మిక్సీ వేసినా వాట్సాప్ గ్రూపులో పెడతారు. చవగ్గా మొదలుపెట్టే దారి ఉందా? వీడియోల్లో కొందరు యాంగిల్ గ్రైండర్ పట్టుకుని బాల్కనీలోనే కానిచ్చేస్తున్నారు. అది చాలా?

హోసూర్ రోడ్ రెడ్డి

చాలు తమ్ముడూ, ఎక్కువ ఆలోచించకు. యాంగిల్ గ్రైండర్, ఒక డైమండ్ కప్ వీల్, ఆ తర్వాత ఎమెరీ పేపర్లు. టెర్రస్ మీద గాలి వాటం చూసుకుని కూర్చో, మొహానికి కర్చీఫ్ కట్టుకో, లాగించెయ్. నీళ్ళు పెట్టుకుంటే చేతిలో కరెంటు మెషిన్, కింద తడి, అది ఇంకా ప్రమాదం. నేను చాన్నాళ్ళుగా పొడిగానే చేస్తున్నా, ఏం కాలేదు.

ఊపిరి (బన్నేరుఘట్ట రోడ్)

రెడ్డి గారూ, మీరు సీనియర్ సభ్యులు, మీమీద గౌరవం ఉంది. కానీ ఆ సలహా విని కొత్తవాళ్ళు ఎవరైనా మొదలుపెడతారేమోనని భయంగా ఉంది, అందుకే పొడుగ్గా రాస్తున్నాను. నేను ఛాతీ జబ్బుల విభాగంలో పనిచేస్తాను.

అగేట్ అంటే దాదాపు మొత్తం సిలికా. పొడిగా అరగదీసినప్పుడు కంటికి కనబడి ఒళ్ళో పడే తెల్లటి పొడి అసలు సమస్య కాదు. అంతకంటే సన్నది, నాలుగైదు మైక్రాన్లలోపు రేణువు, గాలిలో గంటల తరబడి తేలుతుంది, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. అక్కడి నుంచి బయటకు రాదు. దాని చుట్టూ మచ్చ కడుతుంది, ఆ మచ్చ గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటాం. వెనక్కి తిప్పే మందు లేదు. దుమ్ములో పనిచేయడం మానేశాక కూడా జబ్బు ముదిరే అవకాశం ఉంది. క్షయ వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది. "ఏం కాలేదు" అన్నారు. మొదట్లో ఏమీ తెలియకపోవడమే ఈ జబ్బు స్వభావం.

గుజరాత్‌లోని ఖంభాత్ తెలుసు కదా, మన దేశంలో అగేట్ పనికి పుట్టినిల్లు. అక్కడ ఇంటింటా చక్రాల మీద పొడిగా రాయి అరగదీసిన కుటుంబాల్లో సిలికోసిస్ ఎంతగా ఉందో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు అధ్యయనాలు చేసి చూపించారు. చక్రం దగ్గర కూర్చోని ఇంట్లోవాళ్ళకూ, పక్కిళ్ళవాళ్ళకూ కూడా దుమ్ము తగిలింది. మీ టెర్రస్ మీద బట్టలు ఆరేసేవాళ్ళు, ఆడుకునే పిల్లలు ఉంటారు కదండీ.

కర్చీఫ్, సర్జికల్ మాస్క్ ఈ రేణువును ఆపవు. చేయాల్సింది ఒకటే: రాయి చక్రానికి తగిలే చోట ఎప్పుడూ నీళ్ళు పడుతూ ఉండాలి. నీళ్ళున్నా సన్నటి తుంపర లేస్తుంది, అందుకే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 కూడా వేసుకోండి. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. తడి బురద ఆరితే మళ్ళీ అదే దుమ్ము. పని అవగానే తడిగుడ్డతో తుడవండి, చీపురు పట్టొద్దు, ఫ్యాను వేయొద్దు. ఆ ఏప్రాన్‌ని ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

హోసూర్ రోడ్ రెడ్డి

డాక్టరమ్మా, మరీ ఇంతలా భయపెడతారా? అది రోజంతా ఆ పనే చేసేవాళ్ళ సంగతి. నేను ఆదివారం ఆదివారం ఓ గంట.

ఊపిరి

నిజమే, ఎంత పీల్చారన్నదాన్ని బట్టే ముప్పు. కానీ పొడి గ్రైండర్ ఆ ఒక్క గంటలో లేపే దుమ్ము మామూలుది కాదు. ఆ గంటను తడిగా చేసుకోవచ్చు కదా, అందులో పోయేదేముంది? ఒక ఎక్స్‌రే తీయించుకోండి, గట్టిగానే చెబుతున్నాను.

సాన మూర్తి (మల్లేశ్వరం)

కరెంటు భయం అన్న మాట మాత్రం రెడ్డి చెప్పింది నిజం. చేతిలో పట్టుకునే గ్రైండర్‌కు నీళ్ళు తగలనివ్వకూడదు. అందుకే గ్రైండర్ పక్కన పెట్టి, మోటార్‌ని బల్లకు బిగించాలి. నేను రిటైరయ్యే దాకా మెషిన్ షాపులోనే ఉన్నాను, ఈ సరదాకు వాడేదంతా చేయించుకున్నదే. గులకరాయి బాబూ, నీ మూడడుగుల జాగా చాలు.

అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటార్ తీసుకో, 1440 ఆర్‌పీఎమ్‌ది. 2800 పైచిలుకు తిరిగేది అంటగడతారు, వద్దు, నీళ్ళన్నీ గోడకే కొడుతుంది. యాంగిల్ గ్రైండర్ 11,000 దాకా తిరుగుతుంది. గ్రానైట్ పాలిష్ చేసే నాలుగంగుళాల తడి ప్యాడ్‌ల మీద చాలావాటికి 4,500 దాటొద్దని రాసే ఉంటుంది. ఆ లెక్కన వీడియోల్లో వాళ్ళు చేసేది నువ్వే ఆలోచించు. పైగా గ్రైండర్ అరుస్తుంది, ఇండక్షన్ మోటార్ మూలుగుతుంది అంతే. అడుగున దళసరి రబ్బరు షీటు వేస్తే మీ కింది పెద్దాయనకు తెలియను కూడా తెలియదు.

మోటార్ షాఫ్ట్‌కు ఒక అడాప్టర్ టర్నింగ్ చేయించాలి. పీణ్యలో ఏ లేత్ షాపయినా చేస్తుంది. దానికి వెల్క్రో ఉన్న రబ్బరు బ్యాకింగ్ ప్యాడ్ బిగుస్తుంది. ఇక ప్యాడ్‌లు: 50, 100, 200, 400, 800, 1500, 3000. అంకె చిన్నదైతే గరుకు, పెరిగేకొద్దీ నునుపు. జిగణి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలకు సరుకేసే కొట్లలో దొరుకుతాయి, సెట్టు మొత్తం మన హోటల్ బిల్లు కంటే పెద్ద ఖర్చేం కాదు. 50 నువ్వు కొనకు, అది రాయిని పీకేస్తుంది. 400 నుంచి పై ప్యాడ్‌లకు వెనక పల్చటి ఫోమ్ పెట్టు, గుమ్మటం వంపును పట్టుకుని పోతుంది. లేకపోతే రాయి వంపు మీద చదును మచ్చలు పలకలు పలకలుగా పడతాయి.

నీళ్ళకు పంపు అక్కర్లేదు. మందుల షాపులో సెలైన్ సెట్ కొనుక్కో, బాటిల్‌ని మేకుకు తగిలించు, చక్రంతో చుక్క ఎంత కావాలో అంత తిప్పుకోవచ్చు. ముందు ఒక ప్లాస్టిక్ టబ్బును కోసి తుంపరకు అడ్డం పెట్టు.

కరెంటు: 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్) లేకుండా స్విచ్ వేయొద్దు. ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు, అద్దె ఇళ్ళలో మూడో పిన్ను ఊరికే అలంకారానికి ఉన్నవి చాలా చూశాను. మోటార్ నీటి మట్టానికి పైనే ఉండాలి.

వైట్‌ఫీల్డ్ వాసు

మూర్తి గారూ, అదే నీళ్ళను కింద బకెట్‌లో పట్టి మళ్ళీ పైకి పంపు చేస్తే? 2024 ఎండాకాలం ట్యాంకర్ల గొడవ తర్వాత మా సొసైటీలో బాల్కనీ కడిగినా ఫైన్ వేస్తున్నారు.

సాన మూర్తి

కోత మిషన్‌కి అయితే ఫరవాలేదు. పాలిష్‌కి మాత్రం వద్దు. 100 ప్యాడ్ నుంచి రాలిన గరుకు 1500 మీదికి వచ్చిందంటే ఒక్క గింజ చాలు, చేసిన పనంతా పోతుంది. చుక్కల లెక్కన వాడితే గంటకు ఒకటి రెండు లీటర్లు మించవు. వాడిన నీళ్ళు సింకులో పోయకండి, బురద పైపులో సిమెంటులా కూర్చుంటుంది. బకెట్‌లో రాత్రంతా తేరనిచ్చి పై నీళ్ళు మొక్కలకు పోసుకోండి. అడుగు బురదను తడి మీదనే కవర్‌లో కట్టి పారేయండి.

బసాల్ట్ భాయ్ (కలబురగి, ప్రస్తుతం యశవంతపుర)

రాళ్ళ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు, నేను అందుకుంటాను.

ముందు కొత్తవాళ్ళకు ఒక మాట. బెంగళూరు చుట్టుపక్కల కొండల్లో అగేట్ కోసం తిరిగి టైం వృథా చేసుకోకండి. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం కింద ఉన్న బండ పెనిన్సులర్ నైస్, వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా బోర్డు కూడా పెట్టారు. ఎంతో గొప్ప రాయి. కానీ అగేట్‌కు కావాల్సిన ఇల్లు అది కాదు.

మన అగేట్ దక్కన్ లావాల్లో పుట్టింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొంగిన లావా చల్లబడేటప్పుడు అందులోని వాయువులు బుడగలుగా చిక్కుకుపోయాయి. ఆ ఖాళీల్లోకి తర్వాత్తర్వాత సిలికా కరిగిన నీరు ఊరి, గోడల మీద పొర మీద పొర పేరుకుంది. మీరు చూసే చారలు ఆ పొరలే. మధ్యలో జాగా మిగిలితే అక్కడ క్వార్ట్జ్ స్ఫటికాలు పెరుగుతాయి. బసాల్ట్ వానకూ ఎండకూ కుళ్ళి మట్టి అయిపోతుంది, నల్లరేగడి అంతా దాని చలవే. అగేట్ మాత్రం గట్టితనం కొలిచే మోహ్స్ లెక్కలో 6.5 నుంచి 7, కుళ్ళదు. గుండ్రాయిలా బయటపడి వాగుల్లోకి, అక్కడి నుంచి నదుల్లోకి దొర్లుతుంది. మహాబలేశ్వర్‌లో పుట్టిన కృష్ణ, దాంట్లో కలిసే భీమ, త్ర్యంబకంలో పుట్టిన గోదావరి మూడూ ఆ లావా నేల మీద నుంచే వస్తాయి. నందిగామ దగ్గర గులకరాయి గారు ఏరిన రాయి అలా దొర్లుకుంటూ వచ్చిందే.

నది రాళ్ళలో ఒక చిక్కుంది. వాటి పైతోలు మీద గోటి గుర్తుల్లాంటి నెలవంక గాట్లు కనిపిస్తాయి. ఒకదానికొకటి గుద్దుకున్నప్పుడు పడ్డ చీలికలవి, ఒక్కోసారి లోపలికి మిల్లీమీటరు పైనే దిగుతాయి. పైపైన పాలిష్ చేస్తే అవి అలాగే ఉంటాయి. అందుకే నది రాయిని ముందు కోసి, పలక తీసి, లోపలి భాగంతో క్యాబ్ చేయండి.

ఇంకో మాట. ఎర్రటి అగేట్ చూసి రంగు వేశారని కొట్టిపారేయకండి. భరూచ్ దగ్గర రతన్‌పూర్ గనుల రాయిని ఖంభాత్ వాళ్ళు ముందు ఎండలో ఆరబెట్టి, తర్వాత కుండల్లో పెట్టి సన్నసెగ మీద కాలుస్తారు. రాయిలో ముందే ఉన్న ఇనుము ఆ వేడికి ఎర్రబడుతుంది. హరప్పా కాలం నుంచీ ఉన్న పద్ధతే, అలా చేసిన పొడుగు పూసలు మెసొపొటేమియాలోని ఊర్ రాచ సమాధుల దాకా పోయాయి. అంత దూరం ఎందుకు, సంగారెడ్డి దగ్గర కొండాపూర్ మ్యూజియంలో శాతవాహనుల నాటి రాతి పూసలు చూడండి. మోటార్ లేదు, వజ్రం ప్యాడ్ లేదు. ఆ నునుపు చూస్తే మనకు నోట మాట రాదు.

బసవనగుడి పిన్ని

భాయ్ చెప్పింది కాల్చిన రాయి సంగతి. నిజంగా రంగు వేసినవీ బోలెడు. నేను వెండి తీగతో లాకెట్లు కడతాను, ఎగ్జిబిషన్‌లలో నెమలి నీలం, రాణీ పింక్, పచ్చ రంగుల్లో పలకలు తెగ అమ్ముతారు. చాలావరకు బ్రెజిల్ బూడిద రంగు అగేట్‌కు వేసిన రంగే. జర్మనీలో ఇడార్-ఓబర్‌స్టైన్ వాళ్ళు 19వ శతాబ్దంలోనే ఆ విద్యలో ఆరితేరారు. నల్లది అయితే చక్కెర నీళ్ళలో నానబెట్టి, తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తారు. లోపల చక్కెర బొగ్గై నల్లబడుతుంది.

రంగు వేసింది కొనకూడదని నేననను. చెప్పి అమ్మితే చాలు. కానీ కోసేవాళ్ళకు ఇబ్బంది ఏంటంటే, దళసరి రాయిలో రంగు పూర్తిగా లోపలికి దిగదు. గుమ్మటం అరగదీసే కొద్దీ కింద బూడిద రంగు బయటపడుతుంది. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. చీలికల్లో రంగు ముద్దగా నిలిచి ఉంటే వేసినదే. దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రుద్దినా కొన్నింటి గుట్టు తెలుస్తుంది, అన్నీ దొరకవు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బాందా షజర్. ఉత్తరప్రదేశ్‌లో కెన్ నది రాయి, పాలరంగు మీద చెట్టుకొమ్మలు గీసినట్టు ఉంటుంది. దాన్ని కోసేవాళ్ళు కొమ్మ ఎంత లోతులో ఉందో చూసుకుని ఆ పొర దగ్గరే ఆగాలి. ఒక్క రవ్వ ఎక్కువ అరిగితే చెట్టు మాయం.

గులకరాయి

అందరికీ చాలా థాంక్స్. మోటార్ కొన్నాను, ఎస్పీ రోడ్‌లో. ఆర్‌సీసీబీ పెట్టించాను. మూర్తి గారూ, మీరు చెప్పిన సెలైన్ చుక్క అదిరింది, మా అమ్మ వీడియో కాల్‌లో చూసి ఎవరికి బాగాలేదని కంగారుపడింది.

ఇప్పుడు డౌటు. రాయి తడిగా ఉన్నప్పుడు అద్దంలా ఉంటుంది. తుడిచి ఆరాక చూస్తే పైన సన్న గీతలు. 3000 ప్యాడ్ మీద ఎంతసేపు పెట్టినా పోవట్లేదు. ప్యాడ్ నకిలీదా?

వైట్‌ఫీల్డ్ వాసు

అయ్యుండొచ్చు. నేను 3000 తర్వాత 14,000 వజ్రం పేస్ట్ వాడతాను, ప్రయత్నించు.

సాన మూర్తి

వాసూ, ఆగు. పేస్ట్ కొనిపించకు. ప్యాడ్ మంచిదే. ఆ గీతలు 3000వి కావు, 100వి. అక్కడే తీసేయాల్సినవి ఇక్కడి దాకా వచ్చాయి.

బాబూ, ఈ పని మొత్తంలో నేను చెప్పాలనుకునేది ఇదొక్కటే, కాస్త ఓపిగ్గా చదువు. ప్రతి ప్యాడ్‌కూ ఉన్న పని తన ముందు ప్యాడ్ గీతలను తీసేయడం, అంతే. రెండు మెట్లు కిందివాటిని తీసే శక్తి దానికి లేదు. 3000 ప్యాడ్ 100 గీతను తీయదు, దాని అంచులకు మెరుపు పెడుతుంది, అప్పుడది ఇంకా బాగా కనబడుతుంది. అందరికీ మెరుపు చూడాలనే తొందర, గరుకు ప్యాడ్‌ల దగ్గర విసుగు. ఒక క్యాబ్‌కు పట్టే సమయంలో సగానికి పైగా 100, 200 ల దగ్గరే పోవాలి. అక్కడ సరిగ్గా చేస్తే 800 దాటాక ప్రతి ప్యాడ్‌కూ ఒకటి రెండు నిమిషాలు చాలు.

వరస ఇలా పెట్టుకో. పలక ఐదారు మిల్లీమీటర్ల మందం ఉండాలి. దాని మీద అచ్చు పెట్టి గీయి, 25×18 లేదా 30×22 అండాకారం. ఈ కొలతలకే రాయిని బిగించే రెడీమేడ్ వెండి గూళ్ళు దొరుకుతాయి. పెన్సిల్ గీత నీళ్ళకు పోతుంది, అల్యూమినియం తీగ ముక్కతో గీస్తే పోదు. చుట్టూ అంచు తిన్నగా అరగదీశాక రాయిని పుల్లకు లక్కతో అంటించు. రాయిని కూడా నెమ్మదిగా వెచ్చబెట్టాలి, చల్లటి రాయికి లక్క అంటినట్టే ఉండి మధ్యలో ఊడిపోతుంది. తర్వాత 100 మీద చుట్టూ 45 డిగ్రీల ఏటవాలు తీయి. ఆ ఏటవాలుకు పైన ఇంకొకటి. ఆ రెండింటి మధ్య గట్టు పోగొట్టుకుంటూ పైకి వెళ్ళు. చెయ్యి ఎక్కడా ఆగకూడదు, పుల్ల వేళ్ళ మధ్య తిరుగుతూనే ఉండాలి. ఆగిన చోట చదును పలక పడుతుంది. నడినెత్తిన పలక మిగలడం కొత్తవాళ్ళందరికీ మామూలే, అక్కడికి చెయ్యి తిరగడానికి టైం పడుతుంది.

ప్యాడ్ మార్చే ముందు రాయిని, పుల్లని, చేతులని, గోళ్ళ సందులతో సహా కడుగు. టిష్యూతో పూర్తిగా ఆరబెట్టు. పైన నల్ల మార్కర్ పూసి తుడిచెయ్యి, గీతల్లో సిరా నిలిచిపోతుంది, ఎక్కడ మిగిలాయో దాచుకోవడానికి వీల్లేదు. ట్యూబ్‌లైట్ కింద తిప్పితే దాని ప్రతిబింబం గుమ్మటం మీద సాఫీగా జారాలి, ఎక్కడ విరిగితే అక్కడ పలక ఉన్నట్టు. 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) ఒకటి కొనుక్కో.

ఇప్పుడున్న రాయిని పారేయకు. మళ్ళీ 200 దగ్గరికి పో. అక్కడా పోకపోతే 100.

గులకరాయి

సార్, మళ్ళీ 100 అంటే గుండె ఆగినంత పనైంది. సరే, పోతాను. రాయిని లక్క నుంచి ఊడదీయడం ఎలా? కత్తితో గీరితే అంచు లేస్తుందని భయం.

బసవనగుడి పిన్ని

ఫ్రీజర్‌లో పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టు నాన్నా. లక్కా రాయీ ఒకేలా ముడుచుకోవు, తీసి బొటనవేలితో తోస్తే టక్కున వస్తుంది. మెషిన్ మీద నుంచి వేడిగా తీసింది మాత్రం వెంటనే పెట్టకు, పగులుతుంది. వెనక వైపు చుట్టూ సన్నగా, జుట్టంత ఏటవాలు కొట్టడం మర్చిపోకు. అది లేకుండా నా దగ్గరికి తెస్తే గూట్లో బిగించేటప్పుడు అంచు లేస్తుంది, తర్వాత తిట్లు నాకు.

చివరి పాలిష్‌కి మాత్రం వాసుతో నేను ఒప్పుకోను. అగేట్‌కు సీరియం ఆక్సైడ్ పొడిని మించింది లేదు. గాజు పాలిష్ చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. నీళ్ళలో కలిపి, మజ్జిగ కంటే చిక్కగా పెరుగు కంటే పల్చగా, తోలు ముక్కకు పూసి దాని మీద రాయిని రుద్దు.

వైట్‌ఫీల్డ్ వాసు

పిన్నీ, సీరియంతో ఇల్లంతా గులాబి మరకలు. వజ్రం పేస్ట్ బఠాణీ గింజంత చాలు, నెలల తరబడి వస్తుంది, తడి గోల లేదు. అదే పేస్ట్ మిగతా రాళ్ళకూ పనికొస్తుంది.

బసవనగుడి పిన్ని

మిగతా రాళ్ళ సంగతి ఎవరడిగారు? క్వార్ట్జ్ జాతికి సీరియం ఇచ్చే తడితడి మెరుపు నీ పేస్ట్‌తో రాదు. రెండు రాళ్ళు పక్కపక్కన పెట్టి చూపించమంటావా?

సాన మూర్తి

ఇద్దరివీ నేను చూశాను. పిన్ని రాళ్ళకు మెరుపు ఒక పిసరు ఎక్కువే, ఒప్పుకోవాలి. కానీ సీరియం తోలు మీద ఆరే దశలో రాయిని లాగుతుంది. అసలు మెరుపు వచ్చేది ఆ లాగుడులోనే, రాయి వేడెక్కి పగిలేది కూడా అప్పుడే. మధ్యమధ్యలో రాయిని చెంపకు ఆనించి చూడాలి, చురుక్కుమంటే ఆపెయ్యాలి. కొత్తవాడు ముందు పేస్ట్‌తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక సీరియంకు మారితే రాళ్ళు మిగులుతాయి. 3000 దాకా పని శుభ్రంగా ఉంటే రెండూ బాగుంటాయి, లేకపోతే రెండూ దండగ.

గులకరాయి

200 దగ్గర అన్నీ పోయాయి సార్! 3000 అయ్యాక ఆరబెట్టి చూసినా కిటికీ ఊచలు కనబడుతున్నాయి రాయిలో. ఫోటో పెట్టాను, రెండో చార దగ్గర చిన్న చుక్క ఉంది, అది రాయిలోనిదే.

ఇక కోత సంగతి. మిగతా రాళ్ళకు పలకలు తీయాలి. టైల్స్ కోసే నాలుగంగుళాల తడి కట్టర్ ఒకటి చూశాను.

బసాల్ట్ భాయ్

చుక్క అందంగానే ఉంది, ఉంచెయ్. టైల్ కట్టర్ పనిచేస్తుంది, కానీ దాని బ్లేడ్ మందం ఎక్కువ, మంచి చారలన్నీ బురదలోకే పోతాయి. రాళ్ళు కోసే సన్నటి అంచు బ్లేడ్ వేసుకో. నెట్టకు, రాయి బరువు మీదే తెగనివ్వు, మెలి తిప్పితే బ్లేడ్ వంగుతుంది. కొన్ని కోతల తర్వాత తెగడం ఆగిపోతే బ్లేడ్ అయిపోయిందని పారేయొద్దు. వజ్రపు గింజలను చుట్టూ ఉన్న లోహం కప్పేసి ఉంటుంది. పాత ఎమెరీ రాయిని రెండు మూడు సార్లు కోస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. అగేట్ కోసేటప్పుడు ఇది తప్పదు.

సాన మూర్తి

ఇప్పుడే కట్టర్ కొనకు బాబూ. నా దగ్గర ఆరంగుళాల రంపం ఖాళీగానే ఉంటుంది. శనివారం పొద్దున సంచి పట్టుకుని వచ్చెయ్. ఎటు కోస్తే చార బాగా పడుతుందో రాయిని తడిపి, టార్చ్ వేసి, మార్కర్‌తో గీత పెట్టుకుని రా. ఇక్కడికొచ్చి ఆలోచిస్తూ కూర్చుంటే మధ్యాహ్నం అవుతుంది, మా ఇంట్లో భోజనానికి ఆగాల్సి వస్తుంది. ఆగితే నాకేం అభ్యంతరం లేదనుకో.

హోసూర్ రోడ్ రెడ్డి

మూర్తన్నా, నన్నూ రానివ్వు. డాక్టరమ్మ మాట విని ఎక్స్‌రే తీయించా, బాగానే ఉందన్నారు. మా ఆవిడ ఈ థ్రెడ్ మొత్తం చదివి గ్రైండర్‌ని వాచ్‌మన్‌కి ఇచ్చేసింది. నేనూ మోటార్ తెచ్చా. షాఫ్ట్ 14 మిల్లీ. అడాప్టర్‌కి లేత్ వాడికి ఏం చెప్పాలి?

ఊపిరి

సంతోషం రెడ్డి గారూ. ఇప్పుడు బాగుందంటే ముందు కూడా ఉంటుందని కాదు, తడి పద్ధతి వదలకండి. ఆ గ్రైండర్‌తో వాచ్‌మన్ కూడా పొడిగా రాయి కోయకుండా చూడండి.

సాన మూర్తి

రెడ్డీ, గులకరాయిది కూడా 14 మిల్లీయే. ఇద్దరికీ ఒకేసారి చేయించుకోండి, రేటు తగ్గుతుంది. లోపలి బోర్ బిగువుగా ఉండాలి, కీవే (షాఫ్ట్ కీ కూర్చునే గాడి) తీయించి దాని మీద ఒక గ్రబ్ స్క్రూ (తల లేని బిగింపు స్క్రూ) పెట్టమను. ముందువైపు బ్యాకింగ్ ప్యాడ్ మర ఏదో చూపించి అదే వేయించు. కొన్నింటికి ఎమ్10 సైజు మర ఉంటుంది, కొన్నింటికి ఎమ్14, ప్యాడ్‌ని చేత్తో పట్టుకెళ్ళడం మంచిది.

మోటార్ తిరిగే దిక్కు కూడా చూసుకోండి. ప్యాడ్‌కు ఎదురుగా నిలబడితే అది గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరగాలి, అప్పుడే పనిచేసేకొద్దీ మర బిగుసుకుంటుంది. రెండో వైపు తిరిగితే ప్యాడ్ ఊడి టబ్బులో పడుతుంది. దిక్కు తప్పుగా ఉంటే స్టార్టింగ్ వైండింగ్ వైర్లు రెండూ తారుమారు చేస్తే సరి, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

హోసూర్ రోడ్ రెడ్డి

అర్థమైంది అన్నా. శనివారం తమ్ముణ్ణి హెచ్‌ఎస్‌ఆర్‌లో ఎక్కించుకుని వస్తా. పిన్నీ, ఆ సీరియం రాయీ పేస్ట్ రాయీ కూడా పట్టుకురా, ఏది బాగుందో అక్కడే తేల్చేద్దాం.